బూజు పట్టిన గింజ



ఈ రోజు రెండు సంగతులు. ఒకటి, గింజకు పట్టే బూజు. రెండు, పిల్లలు కలగకపోవడం. ఈ రెంటికీ సంబంధం ఏమిటా అనుకుంటున్నారా? వినండి.

ఒక ఇల్లు ఉందనుకోండి. కోడలు కాపురానికొచ్చి నాలుగేళ్ళయింది. నెల తప్పలేదు. తాయెత్తు కట్టించారు. మోపిదేవి తీసుకెళ్ళి సుబ్బారాయుడికి మొక్కించారు. గుడివాడలో డాక్టరమ్మకు చూపించారు. పరీక్షలన్నీ కోడలికే. "గొడ్రాలు" అనే మాటా ఆమెకే. భర్తకు మాత్రం ఒక్క పరీక్షా లేదు. "మగాడికి లోపమేంటి?" అంది అత్త.

ఆ మాట తప్పు. బిడ్డ పుట్టాలంటే ఆడమనిషి అండం కావాలి. మగమనిషి వీర్యకణం కావాలి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం జంటలకు మగవారి లోపం కూడా ఉంటుంది. ఆ లోపానికి కారణాలు చాలా ఉన్నాయి. పొగ తాగడం ఒకటి. సారా ఒకటి. వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం ఒకటి. శాస్త్రవేత్తలు అనుమానిస్తున్న కారణం ఇంకొకటి ఉంది. అదే బూజు విషం.

బూజు విషం ఎలా బయటపడింది?

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఏ రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో కారణం దొరికింది. చెక్కకు బూజు పట్టింది. ఆ బూజు విషాన్ని తయారుచేసింది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు.

1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిన్నారు. కామెర్లు వచ్చాయి. పొట్టలో నీరు చేరింది. వంద మందికి పైగా చనిపోయారు. ఊరి కుక్కలకూ అదే జబ్బు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు వెళ్ళి చూశారు. బూజు విషమే కారణమని చెప్పారు.

మగవారికి ఏమవుతుంది?

విషం ఒకేసారి ఎక్కువగా పోతే కాలేయం చెడుతుంది. కొంచెం కొంచెంగా రోజూ పోతే పైకి ఏమీ కనపడదు. ఇలా ఎలుకలకు, కుందేళ్ళకు పెట్టి చూశారు. మగవాటిలో మగ హార్మోను తగ్గింది. వీర్యకణాలు తగ్గాయి. ఉన్నవి కూడా చురుగ్గా కదల్లేదు.

1994లో నైజీరియా దేశంలో ఒక పరిశోధన అచ్చయింది. పిల్లలు లేని మగవారిలో నూటికి 40 మంది వీర్యంలో ఈ విషం కనపడింది. లోపం లేని మగవారిలో నూటికి 8 మందికే కనపడింది.

అయితే ఒక మాట. మనుషుల్లో ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. కాబట్టి పిల్లలు లేని ప్రతి ఇంట్లోనూ బూజే కారణం అనకూడదు. కానీ కాలేయానికి చెరుపు అన్నది మాత్రం ఖాయం. జాగ్రత్త పడడానికి అది చాలదా?

మన సీమలో ఎందుకు భయం?

సార్వా కోతలూ, తుఫానులూ ఒకే కాలంలో వస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో నానింది. తడిసిన ధాన్యం మొలకెత్తుతుంది. రంగు మారుతుంది. బూజు పడుతుంది.

మంచి ధాన్యం అమ్మకానికి పోతుంది. రంగు మారినదాన్ని ఎవరూ సరైన ధరకు కొనరు. అది ఇంట్లో మిగులుతుంది. లేకపోతే కూలి కింద కొలుస్తారు. అంటే పండించినవాళ్ళూ, కోసినవాళ్ళే దాన్ని తింటారు.

"కడిగి వండితే పోదా?" అంటారు. పోదు. ఉడికితే బూజు చస్తుంది. విషం మాత్రం చాలా వరకు అలాగే ఉంటుంది. బూజు చెక్క గేదెకు పెడితే పాలలోకి కూడా వస్తుంది.

ఏం చేయాలి?

ధాన్యం బాగా ఎండనివ్వండి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ వరకు తీసుకుంటారు. ఇంట్లో నిలవ చేసే ధాన్యానికి 14 శాతం మించకూడదు. మిషను లేకపోతే గింజ కొరికి చూడండి. టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి.

బరకం పరిచి ఎండబోయండి. బస్తాలు నేల మీద పెట్టకండి. చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టండి.

వేరుశనగ గుళ్ళు ఏరుకోండి. ముడుచుకున్నవి, నల్లబడినవి తీసెయ్యండి. చేదు గుండు నోట్లో పడితే మింగకండి, ఉమ్మెయ్యండి.

బూజు గింజను కోళ్ళకూ, గేదెలకూ పెట్టకండి. దూరంగా పూడ్చిపెట్టండి.

"అంతా పారేస్తే తినేదేంటి?" అని అడుగుతారు. నిజమే. పేద ఇంట్లో గుప్పెడు గింజ పారేయాలన్నా ప్రాణం ఒప్పదు. అందుకే గింజ తడవక ముందే మేలుకోవాలి. ఒక్కరు కొనలేని బరకాన్ని పొదుపు సంఘం కొనగలదు. తుఫాను కబురు రాగానే ఆ బరకం పది ఇళ్ళ కుప్పలకు అక్కరకొస్తుంది. తడిసిన ధాన్యాన్ని మంచి ధాన్యంలో కలపకండి. కలిపితే రెండూ పోతాయి.

ఇక ఆ ఇంటి సంగతి

ఏడాది కాపురం చేసినా నెల తప్పకపోతే భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రికి వెళ్ళాలి. మగవారికి చేసేది వీర్య పరీక్ష. కోత లేదు, సూది లేదు, నొప్పి లేదు. ముందు చేయవలసింది ఆ చిన్న పరీక్షే. లోపం కనిపిస్తే భయపడనక్కర్లేదు. కొత్త వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. మందు వాడినా, అలవాటు మార్చినా అన్నాళ్ళు ఓపిక పట్టాలి.

లోపం ఎవరిదైనా అది జబ్బే. తప్పు కాదు. పరీక్ష చేయించకుండా ఒక్క ఆడదాని మీద నింద వేయడమే తప్పు.

చదివి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ధాన్యం బస్తాలు ఎక్కడ పెడుతున్నారు?
2. రంగు మారిన ధాన్యాన్ని మీ ఊళ్ళో ఏం చేస్తున్నారు?
3. పిల్లలు లేరని మీ ఊళ్ళో ఎవరిని నిందిస్తున్నారు? ఆమె భర్తకు పరీక్ష చేయించారా?