పాతకాలపు ఫెల్టు టోపీ: కొనుట యెట్లు?

(మన సంఘపు ఆదివారసభలో కార్యవర్గ సభ్యుడొకరు, బట్టల వర్తకులు, చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై సాధారణముగా పండితులు మాటలాడుదురు. నేను పండితుడను గాను. నా చదువు ఎస్సెస్సెల్సీతో ముగిసినది. అటుతరువాత ఇరువదియైదేండ్లుగా అంగడిలో గుడ్డ కొలుచుచున్నాను. అందుచేత కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని అడిగినప్పుడు, నాకు తెలిసిన సరకును గూర్చి మాత్రమే మాటలాడుదునని ముందే మాట తీసికొంటిని. నేటి విషయము టోపీ. వెనుక వరుసలోని యువకులు నవ్వుచున్నారు. వారు నవ్వుటకు కారణము కలదు. ఈ టోపీ చిక్కు తెచ్చిపెట్టినవారు వారే.

మన యువకులు వార్షికోత్సవమునకు ఒక నాటకము సిద్ధము చేయుచున్నారని మీకు తెలియును. కథ 1953వ సంవత్సరమునాటిది. ఆ యేడు అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఒకే యింటి అన్నదమ్ములు గీతకు అటొకరు ఇటొకరు అగుట నాటకములోని వస్తువు. పెద్దన్నగారు ప్లీడరు. చివరి రంగమున స్టేషనులో తమ్ముని సాగనంపుచు, మాట రాక, తలమీది టోపీ తీసి చేత పట్టుకొని నిలుచును. అంతే రంగము. కనుక ఆ టోపీ కాగితపు టోపీ కారాదు.

యువకులు సెల్‌ఫోనులో వెదకి, 18,000 రూపాయల ధరగల టోపీ యొకటి ఎంచుకొని, నిధి నుండి సొమ్ము అడిగినారు. కోశాధికారిని గనుక నాకు గుండె ఝల్లుమన్నది. పిల్లల ఆదివారపు తెలుగు తరగతికి ఏడాదికగు పలకల ఖర్చు, పుస్తకముల ఖర్చు అంతా కలిపినను ఆ మొత్తము కాదు. ఇవ్వనంటినా, నాటకము చెడునని వారి కోపము. ఇచ్చితినా, తరగతి కుంటుపడును. మంచి టోపీ తక్కువ ధరలో దొరకునా లేదా అని తేల్చువరకు ఓపిక పట్టుడని చెప్పి, ఆ పని నేనే నెత్తికెత్తుకొంటిని.

మొదట ఆ టోపీ పుట్టుపూర్వోత్తరములు. మన పెద్దలు దీనిని దొరటోపీ యనిరి. నిజమునకు ఇక్కడి దొరలు ఎండకు ఎక్కువగా పెట్టినది జీలుగు బెండుతో చేసిన గట్టి టోపీ. మనము వెదకునది మెత్తనిది; నడినెత్తిన పొడుగునా ఒక మడత, ముందువైపు ఇరుప్రక్కల రెండు నొక్కులు, చుట్టును రిబ్బను, వంచిన యెటు వంగు అంచు కలది. దీని పేరు ఫెడోరా. ఆ పేరు దొరలది గాదు, సైనికులది గాదు, నాటకముది. విక్టోరియన్ సార్దూ అను ఫ్రెంచి రచయిత వ్రాసిన 'ఫెడోరా' నాటకమును 1882లో పారిస్ నగరమున ఆడినారు. రాణివంశపు ఫెడోరా పాత్రను ధరించినది సారా బెర్నార్ అను మహానటి. ఆ నాటకము పేరే టోపీకి నిలిచినది. మొదట స్త్రీలు ధరించిరి. ఇరువదవ శతాబ్దమున అది పురుషుల టోపీ యైనది.

ఇది చదివినప్పుడు నాకు ముచ్చట కలిగినది. ఆ 1880ల దశకమునందే మన బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటక సమాజము స్థాపించి 'చిత్రనళీయము' ఆడించినారు. వారి మేనల్లుడు బళ్లారి రాఘవగారు (1880–1946) ప్లీడరే, నటుడే. నాటకము నుండి పేరు పొందిన టోపీని నాటకముల ఊరిలో ప్లీడరు పాత్రకు వెదకుచున్నాము. కనుక యువకుల కోరిక తప్పు గాదు. ధర మాత్రమే తప్పు.

ఆ ధర యెందుకంత? ఇది గుడ్డ వర్తకునికి మిక్కిలి పనికివచ్చు ప్రశ్న. ఫెల్టు నేసినది గాదు. దానికి పడుగు లేదు, పేక లేదు. ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూచిన చేపకువలె పొలుసు లుండును. వేడి, తడి, ఒత్తిడి తగిలినకొలది ఆ పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని వీడకుండును. అట్లు ముద్దగట్టిన దానిని ఆవిరిపట్టి కొయ్య అచ్చుపై లాగి టోపీ చేయుదురు. గొఱ్ఱె ఉన్నితో చేసినది చౌక. కుందేటి బొచ్చుతో చేసినది నునుపు, తేలిక, వానకు ఓర్చును, ధర యెక్కువ. బీవరు అను నీటిజంతువు బొచ్చుతో చేసినది అన్నింటికంటె ప్రియము. ఇటలీలో అలెస్సాండ్రియా పట్టణమున 1857లో స్థాపించిన బోర్సాలీనో వంటి సంస్థల టోపీలు నేటికిని పదుల వేల రూపాయల కమ్ముచున్నవి. ఆ ధరలో బొచ్చున్నది, చేతిపని యున్నది, పేరును ఉన్నది. నాటకము చూచువారికి పేరు కనబడదు.

ఒక్కమాట చెప్పవలెను. పూర్వము బొచ్చును ఫెల్టుకు అనువుగా చేయుటకు పాదరసపు ద్రావకము పూసెడివారు. ఆ ఆవిరి పీల్చిన టోపీ పనివారికి చేతులు వణకెడివి, మతి చెదరెడిది. అమెరికాలో 1941లో గాని ఆ పద్ధతి మానిపింపలేదు. మనము ధరించు వస్తువు వెనుక ఎవరి శ్రమ యున్నదో తెలిసికొనుట వర్తకునికిని కొనువానికిని మంచిది.

నే నింత శ్రద్ధగా ఫెల్టును గూర్చి తెలిసికొనుటకు మరియొక కారణము కలదు. అది ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు.

మా తాతగారిని మేము జేజినాయన అని పిలుచువారము. ఆయన 1956లో బొంబాయికి సరకు కొనబోయి, అక్కడ ఒక బూడిదరంగు ఫెల్టు టోపీ కొనుక్కొనినారు. పంచె, పొడుగు కోటు, దానిపై ఆ టోపీ. కోర్టుకు పోయినను, పెండ్లికి పోయినను, నాటకమునకు పోయినను అదే వేషము. నాటకశాలలో మాత్రము వెనుకవారికి అడ్డమగునని టోపీ తీసి ఒడిలో పెట్టుకొనెడివారు. 1990 వేసవిలో, నాకు పదేండ్లప్పుడు, ఆ టోపీకి మన ఊరి ఎఱ్ఱదుమ్ము పట్టియుండుట చూచి, ఆయనను సంతోషపెట్టవలెనని, స్నానపు అండాలోని మరుగునీళ్లలో దానిని వేసి, సబ్బు పెట్టి బాగుగా రుద్ది, మిద్దెమీద ఎండలో ఆరవేసితిని. సాయంకాలమునకు అది ముడుచుకొని చిన్నపిల్లవాని టోపీ యంత అయినది. వేడి, తడి, ఒత్తిడి! ఫెల్టు చేయు విధానమునే నేను మరల చేసితిని.

జేజినాయన దానిని తలపై పెట్టి చూచుకొనినారు. చెంబుమీద మూతవలె నిలిచినది. నేను ఏడ్చుచుంటిని. ఆయన నన్ను కొట్టలేదు. "ఉన్ని ముడుచుకుంటాదని నీకెట్ల తెలుస్తాది లేప్పా" అని, టోపీని ట్రంకు పెట్టెలో పెట్టినారు. మరల టోపీ కొనలేదు. 1998లో పోవువరకు బోడితలతోనే అంగడికి వచ్చిరి. కొనుటకు డబ్బు లేక గాదు. అటువంటిది మరల దొరకలేదని చెప్పెడివారు. నన్ను నొప్పింపకుండుట కట్లు చెప్పిరని ఇప్పుడు తోచుచున్నది.

ఇక వెదకుట. మొదట నేనును మోసపోతిని. సెల్‌ఫోనులో 'శుద్ధమైన ఉన్ని' యని వ్రాసి 700 రూపాయలకు చూపిన టోపీ తెప్పించితిని. ఎవరిదో చెప్పను, చూచి కొననిది నా తప్పు. రాగానే లోపలి పట్టీ క్రిందనుండి ఒక పోగు లాగి నిప్పు చూపితిని. ఉన్ని యైనచో వెండ్రుక కాలిన వాసన వచ్చి, నలిపిన బూడిద కావలెను. ఇది కరగి గట్టి నల్లపూస యైనది, పాలియెస్టరు! రెండు రోజులు కొక్కెమునకు తగిలించుసరికి దాని నెత్తి సొట్టపడినది. బట్టల వర్తకుడను నేనే మోసపోయినప్పుడు ఇతరుల మాట చెప్పనేల?

తరువాత తెలిసినవారి ద్వారా బెంగుళూరిలోను, హైదరాబాదులోను విచారించితిని. గొఱ్ఱె ఉన్ని ఫెల్టుతో చేసిన మంచి టోపీ రెండు వేల రూపాయల లోపల దొరకుచున్నదని తేలినది. దినమును ధరింపదలచినవారికి అదియే తగినది. కొనువారు గమనింపవలసిన వివరములు చెప్పుదును.

ఒకటి: ముందు తల కొలుచుకొనుడు. టేపును కనుబొమ్మలకు ఒక అంగుళము పైన, చెవులకు పైగా చుట్టి, సెంటీమీటర్లలో వ్రాసికొనుడు. నడితరపు తల 57 సెంటీమీటర్లుండును. ఒక్క సెంటీమీటరు తక్కువైనను నొసట గీత పడును.

రెండు: అంచును వెలుతురుకు పట్టి చూడుడు. నేత కనబడరాదు, మందము అంతటను సమముగా నుండవలెను. మెల్లగా నొక్కి వదలిన యథాస్థితికి రావలెను.

మూడు: లోపలి చెమటపట్టీ తోలుదో, రెక్సినుదో చూడుడు. మన యెండకు రెక్సిను ఆరు నెలలలో పొరలు లేచును.

నాలుగు: కొన్న తరువాత వేడినీరు తగులనీయకుడు. దుమ్మును మెత్తని బ్రష్షుతో దులుపుడు. తడిసినచో నీడన ఆరనిండు. మేకుకు తగిలింపక, తలక్రిందుగా బల్లపై పెట్టుడు. తీయునప్పుడు నెత్తినొక్కు పట్టి తీయక అంచు పట్టుకొని తీయుడు. నొక్కు పట్టిన చోటనే ముందు చిరుగును.

మన వేసవిలో ఫెల్టు తలకు భారమే. పగటి యెండకు తాటాకు టోపీయో, నూలుగుడ్డ టోపీయో, అన్నింటికంటె మన రుమాలో మేలు. ఫెల్టు టోపీ సాయంకాలపు వస్తువు, చలికాలపు వస్తువు.

కాని నాటకము మాట? రెండు వేలైనను ఒక్క రంగమునకు ఎక్కువే యని నాకు తోచినది. ఒకనాటి రాత్రి ట్రంకు తెరచి జేజినాయన టోపీని బయటికి తీసితిని. ముప్పదియేండ్లకు పైబడినను పురుగు తినలేదు. వేపాకు పెట్టి చుట్టియుంచిన దెవరో నాకు తెలియదు. లోపలి చుట్టు కొలిచిన 51 సెంటీమీటర్లు. పాత్రధారి తల 57. ఎనిమిదింటికి ఒకటి చొప్పున పెంచిన సరిపోవుచున్నది. టోపీ యెత్తు 4 అంగుళములు, పెంచిన నాలుగున్నర. అంచు 2 అంగుళములు, పెంచిన రెండుంబావు. గోడమీది ఫోటోలో జేజినాయన ముఖముతో పోల్చి చూచితిని. సరిగా అదే టోపీ!

మరునాడు దానిని కౌల్‌బజారులో నాకు తెలిసిన దర్జీ యొద్దకు తీసికొనిపోతిని. జీన్సు ప్యాంట్లు కుట్టు చేయి అది. ఈ ఊరి కుట్టుపని దేశమంతట పేరు పొందినది. గీత కవతలి రాయదుర్గములోను ఇప్పుడదే జీవనము. మా అంగడిలో మిగిలిన బూడిదరంగు కోటుగుడ్డ ముక్క, లోపల రెండు పొరల బక్రం, అంచు గట్టిపడుటకు దగ్గర దగ్గరగా వరుసకుట్లు, నల్ల శాటిను రిబ్బను, పాత చేసంచి నుండి కోసిన తోలుపట్టీ. దర్జీ మొదటి టోపీని ముక్కు చిట్లించి తానే విప్పివేసినాడు, రెండవది కుదిరినది. గుడ్డ, కూలి, రిబ్బను అన్నియు కలిసి 640 రూపాయలు. లెక్క కోశాధికారి పుస్తకములో నున్నది, ఎవరైనను చూడవచ్చును.

అది ఫెల్టు గాదు. చేత పట్టిన తెలియును. పది అడుగుల దూరమునుండి, దీపముల వెలుతురున, తెలియదు. మొన్నటి రిహార్సలులో మన పాత్రధారి దానిని తీసి చేత పట్టుకొని నిలిచినప్పుడు నేను వెనుక కుర్చీలో కూర్చుంటిని. టోపీ తీసి ఒడిలో పెట్టుకొన్న మరియొకరు నాకు జ్ఞాపకము వచ్చినారు. ఇంతకంటె చెప్పజాలను.

నా మనవి ఇంతే. మంచి వస్తువు కోరుట దుబారా గాదు. దేనితో చేసిరి, ఎట్లు చేసిరి, మన కొలత యెంత, మన అవసర మెంత అని అడుగక కొనుట దుబారా. అవి తెలిసినవానికి సగము ధర తగ్గును. ఇంటిలోని పెట్టె తెరచినవానికి మిగిలిన సగమును తగ్గవచ్చును. మీ ఇండ్లలో తాతలనాటి టోపీలు, కోటులు, రుమాళ్లు, కళ్లద్దములు పనికిరావని తోచినను పారవేయకుడు. నాటకమునకు తెండు. కొలత తీసికొని మరల మీకు అప్పగింతుము. పేరు వ్రాసి చీటి కట్టుదుము.

నిధిలో మిగిలిన సొమ్ము పిల్లల పలకలకు పోవును. యువకులు ఇప్పుడు నవ్వుట లేదు. కాని నాటకమునాడు ముందువరుసలో టోపీలు పెట్టుకొని కూర్చుండువారు దయచేసి వాటిని ఒడిలో పెట్టుకొందురుగాక. వెనుకవారికిని కనబడవలెను.