ఆ చవుక దినములు

(విశాఖపట్టణమున నొక పఠనమందిరపు వార్షిక సభలో చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిరమునకు వచ్చెడు పెద్దలు పత్రికలు చదివి మడిచిపెట్టిన పిమ్మట ప్రతిదినమును సాగించెడు ప్రసంగ మొకటి కలదు. అణాకు రెండిడ్డెనలు వచ్చెడి దినములు, రూపాయ మార్చినచో సాయంకాలమువరకు చిల్లర మిగిలెడి దినములు, పట్టణమున కంతకును వ్రేళ్లపై లెక్కింపదగినన్ని కార్లే యుండెడి దినములు, వీనిని తలచుకొని యొకరు నిట్టూర్చుదురు. ప్రక్కవారు దానికి మఱియొక ధరను చేర్చుదురు. బల్ల కావలి వైపున కూర్చున్న యువకులు తమలో తాము నవ్వుకొందురు. ఆ ప్రసంగమున మేమును పాలుగొన్నవారమే. కార్యనిర్వాహకులు నేడు మమ్ము మాటలాడుడని కోరినప్పుడు ఈ విషయమునే యెన్నుకొంటిమి. చవుక దినములను దూషించు తలంపు మాకు లేదు. వాని లెక్క నొకసారి మొదటినుండి కడవరకు వేసి చూడవలెనని మాత్రము కోరిక.

మొదట జ్ఞాపకముల కీయవలసిన గౌరవ మిత్తము. మాకు తెలివి వచ్చునప్పటికి రూపాయకు పదునాఱణాలు, అణాకు నాలుగు కానులు. చేతిలో బేడ యున్న బాలుడు వీధిలో దొరవలె నడచెడివాడు. కూరగాయలు వీశెలతో తూగెడివి. వీశె యనగా నేటి తూనికలో కిలోయు నాలుగువందల గ్రాములు. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చెను. రూపాయకు నూఱు నయాపైసలైనవి. అణాకు ఆఱుంబావు నయాపైసలని లెక్క తేలినది గాని, ఆ పావు నయాపైసకు నాణెము లేదు. అంగడివాడు ఏడీయుమనెడివాడు, కొనువాడు ఆఱే యిత్తుననెడివాడు. కురుపాం మార్కెట్టులో ఆ వేసవియంతయు ఈ తగవే వినవచ్చెను. ఆ పావు కొఱకు వాదులాడిన మా కన్నులయెదుటనే 25 పైసల నాణెము 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినది. పావలా యను మాట యిప్పుడు సామెతలలో మాత్రమే మిగిలినది. ఇది చూచి మనసు చివుక్కుమనుట సహజమే. చిన్న నాణెము పోయినప్పుడు చిన్నవాని కొనుగోలు కూడ కొంత చిన్నబోవును.

కాని, సోదరులారా, తక్కెడకు రెండు తట్టలుండును. ఒక తట్టలో ధర యుండును. రెండవదానిలో కూలి యుండును. మన ముచ్చటలలో మొదటి తట్ట యొక్కటే వ్రేలాడుచుండును. ఇడ్డెన ధర చెప్పిన పెద్దమనిషి ఆ ఇడ్డెనకు పిండి రుబ్బిన ముసలమ్మకు దినమున కెంత ముట్టెనో చెప్పడు. బియ్యపు ధర చెప్పినవాడు ఆ బస్తాను రేవునుండి వీపుపై మోసినవానికి సాయంకాలమున చేతిలో నేమి పడెనో చెప్పడు. ఆయనకు దురుద్దేశ మేమియు లేదు. కొన్నవానికి ధర జ్ఞాపకముండును. అమ్ముడుపోయిన చెమట లెక్క చెమటోడ్చినవానికే జ్ఞాపకముండును; అతడు పఠనమందిరమునకు వచ్చి కూర్చుండి చెప్పినవాడు కాడు.

మన తండ్రులును తాతలును మిక్కిలి చవుకయని చెప్పిన కాలము 1930 తరువాతి దశకము. ఆ కాలమున మన పట్టణమున జరిగిన గొప్పవిషయము మీ కెఱుకయే. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ యను స్వదేశనౌక క్రొత్తరేవున ప్రవేశించెను. డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ఆ రేవును ప్రారంభించెను. అదే కాలమున పల్లెలలో నేమి జరుగుచుండెను? 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యమువలన ధాన్యపు ధర సగమునకు పడిపోయెను. శిస్తు ఆ పాళ్లలో తగ్గలేదు. అప్పుపత్రముమీది అంకె యెంతమాత్రమును తగ్గలేదు. నాడు పట్టణవాసి చవుకగా తిన్న అన్నము రైతు నష్టమునకు అమ్ముకొన్న ధాన్యము. కడకు 1938లో రాజాజీ మంత్రివర్గము మదరాసు రాష్ట్రమున వ్యవసాయదారుల ఋణవిమోచనమునకు చట్టము చేయవలసివచ్చెను. ధరలు చవుకగా నున్న దేశము సుఖముగా నున్నదన్నచో ఆ చట్టముతో పనియేమి?

ఉత్తరాంధ్రపు కూలివారు ఆ చవుక దినములలోనే కడుపు చేతబట్టుకొని యోడలెక్కి రంగూనునకు పోవుచుండిరి. ఇచ్చట అణాకు రెండిడ్డెనలు వచ్చుచున్నను, ఆ అణా సంపాదించుటకు సముద్రము దాటవలసివచ్చెను. 1942లో బర్మా జపానువారి వశమయ్యెను. పోయినవారిలో అనేకులు అడవులవెంట కాలినడకను తిరిగివచ్చిరి, అనేకులు రాలేదు. ఆ యేడు ఏప్రిల్ 6వ తేదీన మన రేవుపైనను బాంబులు పడెను. బర్మా బియ్యము వచ్చుట నిలిచెను. మఱుసటి యేడు వంగదేశమున లక్షలాది ప్రజలు కఱవువాత బడిరి. చవుక యనునది ఎంత పలుచని గోడయో ఆ రెండేండ్లలో తెలిసినది.

ఇక కార్ల సంగతి. యుద్ధకాలమున పెట్రోలు కొఱత వచ్చినప్పుడు బస్సుల వెనుక బొగ్గుకుంపటివంటి యంత్రమును తగిలించి, బొగ్గుగాలితో నడిపిరి. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోయుట టిక్కెట్టులోని భాగమే యని మా పెద్దలు చెప్పి నవ్వుకొనెడివారు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మూడు కార్లు మన కంటబడెను: ఉత్తరపారానుండి అంబాసిడరు, బొంబాయినుండి ఫియట్, మదరాసునుండి స్టాండర్డ్ హెరాల్డ్. అంబాసిడరునెడల మాకు గల యభిమానము దాచుకొనజాలము. అనంతగిరి ఘాటీలో ఎనమండుగురిని, వారి మూటలను, పైన పనసకాయలను మోసికొని అది మూలుగుచు ఎక్కుట మేము చూచితిమి. చెడినచో ఏ గ్రామమునందైనను ఒక సుత్తియు, కొంత తీగయు నున్నవాడు దానిని నడిపింపగలిగెడివాడు. 2014లో దాని నిర్మాణము నిలిపివేసిరని పత్రికలో చదివిననాడు ఇంటిలో పెద్దవారు పోయినట్లే యుండెను.

అయినను లెక్క లెక్కయే. 1957, 58 ప్రాంతమున అంబాసిడరు వెల పదునాలుగువేల రూపాయలని చెప్పుకొనెడివారు. “పదునాలుగువేలకే కారా!” యని నేటి యువకుడు నోరు తెఱచును. కాని ఆ నాడు దేశమున తలసరి సంవత్సరాదాయము 300 రూపాయలకు లోపే. సగటు మనుష్యుడు తినక, కట్టక, నలుబదియైదేండ్లకు పైగా కూడబెట్టిన ఆ కారు వచ్చును. 1951లో మన దేశస్థుని సగటు ఆయుర్దాయము 32 ఏండ్లు! అనగా కారు వచ్చునప్పటికి కొనినవాడుండడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు వెల సుమారు 48 వేలు. అది నాటి సగటు ఆదాయమునకు దాదాపు ఇరువది రెట్లు. నేడు తలసరి ఆదాయము రెండులక్షల ప్రాంతము. చిన్నకారు వెల నాలుగులక్షల ప్రాంతము. నలుబదియైదేండ్ల సంపాదన రెండేండ్లకు దిగినది. సగటు అను మాటచాటున ధనికుని ధనమును, దరిద్రుని దారిద్ర్యమును దాగియుండునని మే మెఱుగుదుము. అయినను కారు విషయమున “ఆ దినములే చవుక” యనుట చెల్లదు. కారు నాడు మిక్కిలి ప్రియము. చవుకగా దొరకినది దాని తలుపు తీసి నిలిచిన డ్రైవరు బ్రదుకు.

ఈ కార్ల కథలో మన పట్టణమునకు వేఱొక పాత్ర కలదు. 1960 తరువాత బైలాడిలా కొండల యినుపరాయి కొత్తవలస మీదుగా మన రేవునకు చేరి, జపానునకు పోవుచుండెను. ఆ యెగుమతికొఱకే రైలుమార్గము వేసిరి. పెద్ద యోడలకై 1976లో బాహ్యరేవు కట్టిరి. కొలది యేండ్లకే సుజుకీవారి యంత్రభాగములు జపానునుండి వచ్చి మారుతి కార్లయ్యెను. ఆ రాయియే ఈ కారైనదని మేమనము. కాని రాయిని టన్నులలెక్కను పంపి, యంత్రమును తులములలెక్కను కొనుట ఎటువంటి బేరమో రేవుపట్టణపువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇక్కడ తీసికొన్న రాయి ధర చవుక. అక్కడ చేర్చిన విద్య ధర ప్రియము.

ఆ విద్య మనకును కావలెననియే కదా ఆంధ్రులు ఉక్కు కర్మాగారము కోరినది! 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ యని రాష్ట్రము కదలెను. అమృతరావుగా రిచ్చట నిరాహారదీక్ష పూనిరి. నవంబరు 1వ తేదీన మన వీధులలో తుపాకులు ప్రేలెను. ఆ యుద్యమమున రాష్ట్రమంతటను 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ కర్మాగారమును ప్రకటించెను. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను.

ఈ చోటనే మా ఉపన్యాసపు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. “ఆ రోజులలో గాజువాక దాపున ఎకర మెంత చవుక!” అని మనము వగచుచుందుము. అప్పుడే నాలుగెకరములు కొనకపోతిమే యని చేతులు నలుపుకొందుము. ఆ చవుక ధరకే అనేక గ్రామములవారు వేల యెకరములను కర్మాగారమున కిచ్చి లేచిపోయిరి. వారు పాత ధరకు భూమి నిచ్చిరి. జీవితాంతము క్రొత్త ధరకు బియ్యము కొనిరి. ఇంటి కొక యుద్యోగమను ఆశతో ఆర్-కార్డులు చేతబట్టుకొని వారిలో అనేకులు దశాబ్దముల తరబడి నిరీక్షించిరి. మనకు తీపి జ్ఞాపకమైన ధరయే వారికి తీఱని గాయము. 2021 జనవరిలో ఆ కర్మాగారపు ప్రభుత్వవాటాల నమ్ముటకు కేంద్రమువారు సూత్రప్రాయముగా సమ్మతించినప్పుడు, వెల యెంతయను చర్చ దేశమంతట జరిగెను. ఆ వెలలో ఈ భూముల పాత ధర వ్రాయుదురా, క్రొత్త ధర వ్రాయుదురా యని నిర్వాసితుడు అడిగినచో నెవరు సమాధానము చెప్పగలరు?

కావున చవుక రెండు విధములని మా యభిప్రాయము. ఒకటి, ఒకని చేయి నలిపి పుట్టించిన చవుక. రెండవది, అందఱును కలిసి భారము మోసి కల్పించిన చవుక. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చినప్పుడును, 2011 నవంబరులో రూపాయకే యిచ్చినప్పుడును, వ్యత్యాసమును భరించినది ప్రజల బొక్కసము. దానివలన బొక్కసమున కైన వ్యయమునుగూర్చి వాదములుండవచ్చును. కాని రైతునోరు కొట్టి పెట్టిన చవుక కాదది. 1923లో తెఱచిన కింగు జార్జి ఆసుపత్రియు, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఈ రెండవజాతివే. జైపూరు మహారాజు విక్రమదేవవర్మగారు ఆ పరిషత్తునకు ఏటేట లక్ష రూపాయ లిచ్చిరి. రూపాయ రూపాయగా చెల్లిన దినములలో లక్ష యన నేమో మీరే యూహింపుడు. ఆ ధనమువలన చవుకయైనది చదువు, కారు కాదు.

పాతదినములనుండి మనము నిజముగా పోగొట్టుకొన్నదేమైన నున్నచో అది యిచ్చట వెదకవలెను. నేటి మధ్యతరగతి గృహస్థునకు వాయిదాలపై కారు వచ్చినది. దానిని నిలుపుటకు వీధిలో చోటు లేదు. ఆ కారులో కొడుకును కళాశాలకు దింపి, రుసుము కట్టుటకు అప్పు చేయుచున్నాడు. తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోయి, ఆ కారునే అమ్మకమునకు పెట్టుచున్నాడు. కోరిక చవుకయైనది, అవసరము ప్రియమైనది. అణాయిడ్డెనకై నిట్టూర్చు పెద్దమనిషి ఈ సంగతికై నిట్టూర్చినచో మేమును ఆయనతో గొంతు కలుపుదుము.

చివర కొక చిన్న మనవి. ఈ పఠనమందిరమున ఒక లెక్కపుస్తకము తెఱువుడు. ఇచ్చటికి వచ్చు ప్రతి వృద్ధునిచేతను తనకు జ్ఞాపకమున్న ఒక ధరను, ఏ సంవత్సరమో, ఏ అంగడియో చేర్చి వ్రాయింపుడు. దాని యెదుట రెండవ వరుస నుంచుడు. ఆ వరుస నింపుటకు మన ముచ్చటలు చాలవు. రేవువీధిలోని పాత కళాసీ యొద్దకు, పూర్ణామార్కెట్టులో బుట్టమోసిన యవ్వ యొద్దకు, ఉక్కునగరపు గోడ కావల నివసించు నిర్వాసితుని యొద్దకు పోయి, ఆ సంవత్సరమున వారి దినకూలి యెంతయో అడిగి తెలిసికొనవలెను. ఇందాక నవ్విన యువకులారా, ఆ పని మీది. వృద్ధులు జీవించియుండగానే చేయుడు. ధరలు పాతపత్రికలలో దొరకును గాని కూలి లెక్కలు వారితోనే పోవును. రెండు వరుసలును నిండిన పిమ్మట మమ్ము మరల పిలువుడు. ఆ పుస్తకము ముందుంచుకొని చవుక దినములనుగూర్చి తనివితీర మాటలాడుకొందము.