జడ పలచబడితే జంకకండి



దువ్వెన నిండా వెంట్రుకలు వస్తే ఏ ఆడదాని గుండె ఝల్లుమనదు చెప్పండి? ఏళ్ల తరబడి అధిక బరువుతో అవస్థపడి, చివరికి ధైర్యం చేసి కడుపు చిన్నది చేసే ఆపరేషను చేయించుకున్నాను. "అమ్మయ్య, ఒళ్లు తేలికపడింది" అనుకునేలోగా, మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడటం మొదలైంది. ఓ పెళ్లిలో మా పెద్దత్తయ్య నలుగురిలో, "అంత జడ పోగొట్టుకున్నావు, ఆ కోత అవసరమటే?" అనేసింది. ఆ రాత్రి మాత్రలన్నీ చెత్తబుట్టలో పారేద్దామనిపించింది. పారేయకపోవడమే నేను చేసిన మంచిపని. ఎందుకో చెబుతాను.

మన తలమీద నూటికి 85, 90 వెంట్రుకలు పెరుగుతూ ఉంటే, తక్కినవి విశ్రాంతిలో ఉంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే. ఆపరేషను, ఒక్కసారిగా బరువు తగ్గడం, తిండి తగ్గడం, ఇవన్నీ శరీరానికి పెద్ద కుదుపు. ఉన్న కాస్తలో ఇల్లు గడిపే ఇల్లాలిలా శరీరం కూడా ముందు గుండెకీ, మెదడుకీ పెట్టి, జుట్టుకి ఆఖరున పెడుతుంది. అప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోయి, సుమారు మూడు నెలలకి రాలిపోతాయి. టైఫాయిడ్ తగ్గాక, కాన్పయిన మూడు నాలుగు నెలలకి జుట్టు ఊడటం మనమంతా చూసిందే కదా, ఇదీ ఆ కోవలోదే. ఊడేది వెంట్రుకే గాని కుదురు చావదు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుముఖం పట్టి, ఏడాది తిరిగేసరికి మళ్లీ వస్తుంది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోకూడదు. ఈ ఆపరేషను అయినవారు రోజుకి 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు తీసుకోవాలని డాక్టర్లు చెబుతారు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. గ్లాసుడు పాలల్లోనూ ఇంచుమించు అంతే. కడుపేమో నాలుగు ముద్దలకే నిండిపోతుంది. కనుక కంచంలో ముందు గుడ్డో, చేపో, పనీరో, గట్టి పప్పో తినండి. ఆ తర్వాత కూర, చివరికి అన్నం. శాకాహారులకి ఇది చాలకపోతే మాంసకృత్తుల పొడి సంగతి డాక్టరుగారిని అడగండి.

రాసిచ్చిన మాత్రలు ఒక్కరోజూ మానవద్దు. ఇనుము మాత్రకీ కాల్షియం మాత్రకీ రెండు గంటలు ఎడం ఉంచండి. ఇనుము మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ, టీ తాగకండి. పక్కింటావిడ చెప్పిందని బయోటిన్ కొనకండి. లోపం లేనివారికి అది జుట్టు పెంచుతుందని గట్టి రుజువు లేదు సరికదా, థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. జింకు కూడా అతిగా మింగితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. తలనూనె మర్దనా హాయిగా ఉంటుంది, కాని లోపలి లోటు తీర్చదు. జడ బిగించి వేయకండి. బరువైన సవరం తగిలించకండి.

కొన్ని గుర్తులు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు నెలలు దాటాక జుట్టు ఊడటం మొదలైనా, ఏడాదికీ ఆగకపోయినా, తలమీద బిళ్లలు బిళ్లలుగా ఖాళీలు పడినా, ఆయాసం, నీరసం తోడైనా రక్తపరీక్షలు చేయించుకోవాలి. వాంతులు ఆగకుండా అవుతుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాకు ఎనిమిదో నెలలో నుదుటిమీద బుల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. ఎంత దువ్వినా అణగవు. అద్దంలో వాటిని చూసి నవ్వుకున్నాను.

చివరగా ఒక్కమాట. మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో ఇలా జుట్టు ఊడుతున్న అమ్మాయి ఉంటే, "అయ్యో, ఏం జడ, ఏం జడ!" అనకండి. "ఇవాళ గుడ్డు తిన్నావా? మాత్ర వేసుకున్నావా?" అని అడగండి. ఆమెకి కావలసింది ఆ మాటే.

సెలవు.