డిక్కీ తలుపును మోయు కడ్డీలు



పోయిన పుష్యమాసమున గిద్దలూరులోని మా యక్కగారి యింటినుండి తెల్లవాఱుజామున ప్రయాణమగుచుంటిమి. నల్లమల క్రింది యూరు గదా, చలి మిక్కుటముగా నుండెను. నేను కారు డిక్కీ తలుపెత్తి బియ్యపు సంచి లోన బెట్టితిని. అక్కగారు పచ్చడి జాడీ సర్దుటకై వంగిరి. ఎవరి చేయియు తగులలేదు, గాలియు వీవలేదు. ఆ తలుపు మెల్లగా దిగి, కడపట నొక్కపెట్టున ఆమె భుజముపై బడెను. తలకు నాలుగు వ్రేళ్ల దూరమున తప్పినది. జాడీ పగిలినది. భుజము వారము దినములు వాచియుండెను.

ముందునాటి సాయంకాలము అదే తలుపు గంటసేపు చక్కగా నిలిచినది. సాయంకాలము నిలిచినది వేకువకు ఏల కూలెను? నేనిప్పుడు మాటలాడుటకు ఆ ప్రశ్నయే కారణము.

తలుపునకు ఇరుప్రక్కల రెండు నల్లని గొట్టములును, వానినుండి వెలువడు మెఱుగు కడ్డీలును ఉండును. మన మెకానిక్కులు వీనిని డిక్కీ షాకులందురు. లోపల స్ప్రింగు గలదని పలువురి తలంపు. స్ప్రింగు లేదు. నత్రజని వాయువును గొప్ప యొత్తిడితో గొట్టమున బంధించి, కొంచెము నూనె పోసి, మూతికడ సీలు అను రబ్బరు వలయమును బిగింతురు. ఆ వాయువు కడ్డీని ఎల్లప్పుడు వెలికి నెట్టుచుండును. ఆ నెట్టుడే తలుపును మోయుచున్నది. గొట్టముపై నొక సంఖ్యయు, ప్రక్కన ఎన్ అను ఆంగ్లాక్షరమును అచ్చువేసి యుండును. అది న్యూటనుల లెక్క. 500 అని యున్నచో రమారమి 50 కిలోల బరువు నెత్తు బలమని యర్థము.

ఏండ్లు గడచినకొలది సీలు అరిగి వాయువు కొద్దికొద్దిగా జాఱిపోవును. చిక్కెక్కడనగా, వాయువు వేడికి బలము పుంజుకొని చలికి తగ్గును. 20 డిగ్రీలయొద్ద 500 న్యూటనుల బలముగల కడ్డీ 45 డిగ్రీల యెండలో 540కి పైగా చూపును. మార్కాపురపు మే నెల ముసలి కడ్డీకి పడుచుదనము నిచ్చునన్నమాట! మా కారు ఆనాడు పగలంతయు ఎండలో కాగియుండెను. కావున సాయంకాలము తలుపు నిలిచెను. వేకువ చలికి ఆ అరువు బలము పోయెను. కాబట్టి కడ్డీని పరీక్షింపదలచినవారు మధ్యాహ్నము పరీక్షింపరాదు. చలికాలపు వేకువన తలుపును సగమెత్తి, క్రింద ఎవరును లేకుండ జూచి, చేయి వదలవలెను. దిగజాఱినచో కడ్డీకి కాలము తీరినట్లే. కడ్డీపై నూనె తడి కనబడినను అంతే.

మన ప్రాంతమున దీని ఆయువును తగ్గించునది దుమ్ము. దేశమంతట బళ్లకు పలకలు పంపిన మార్కాపురమున రాతి గనులు, పలకల కార్ఖానాలు ఉన్నచోట తిరుగు బండ్లపై పలకరాతి పొడి పేరుకొనును. తలుపు మూసినపుడెల్ల ఆ పొడి కడ్డీతోడ సీలులోనికి బోయి ఆకురాయివలె రాచును. మెత్తని పొడిగుడ్డతో కడ్డీని తుడుచుచుండిన చాలును. గ్రీజు పూయరాదు, అది దుమ్మును పట్టి యుంచును. సామాను కడ్డీకి ఒరయనీయరాదు. చిన్న గీత పడినను సీలు చెడును.

కర్ర నొకదానిని ఆనించుకొనిన చాలదా యని పెద్దలడుగవచ్చును. చాలును, ఆ కర్రను ఎవరును మఱవనంత కాలము.

క్రొత్తవి వేయునపుడు మాత్రము కర్ర తప్పదు. తలుపుక్రింద గట్టి యూతకర్ర నిలిపి, మఱియొకరిని పట్టుకొమ్మనవలెను. కడ్డీ కొనలయందు గుండ్రని మొలను పట్టియుండు గిన్నెవంటి భాగముండును. దాని ఉక్కు క్లిప్పును చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెము లేపినయెడల గిన్నె ఊడివచ్చును. ఒక ప్రక్కది బిగించిన పిదపనే రెండవదానిని తీయవలెను. ఒక్కదానినే మార్చుట పొదుపు కాదు, తలుపు మెలివడును. పొడవును, న్యూటనుల సంఖ్యయు పాతవానితో సరిపోవలెను. బలము హెచ్చైనచో కీలులకు చేటు. తలుపు మూసినపుడు కడ్డీ క్రిందికిని గొట్టము మీదికిని ఉండునట్లు బిగింపవలెను. అపుడు లోని నూనె సీలును తడుపుచుండును.

తీసివేసిన గొట్టము చచ్చినదని నమ్మవలదు. తలుపును మోయలేకపోయినను దానిలో ఒత్తిడి యింకను మిగిలియుండును. నిప్పులో వేసినను, రంపముతో కోసినను, రంధ్రము చేసినను ప్రాణాపాయము. పాత యినుము కొనువానికి ఇచ్చునపుడు ఈ సంగతి నోటితో చెప్పి మఱి ఇండు. పిల్లల చేతికి ఇయ్యకుడు.

మా కారునకు ఆ వారమే రెండును మార్పించితిని. అక్కగారు మాత్రము నేటికిని ఒక చేత తలుపును పట్టుకొనియే లోనికి వంగుదురు.