షుగరు జబ్బు, కంచంలో అన్నం



1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదల ఇళ్లల్లో అన్నం ఉడికింది. మంచిదే. కానీ జొన్నరొట్టె, గటక వెనకబడ్డాయి. ఇప్పుడు సికింద్రాబాద్ బస్తీల్లో చాలా ఇళ్లల్లో రెండు పూటలా అన్నమే.

అన్నం కడుపులో చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరను ఒంటికి పట్టించేది ఇన్సులిన్. అది సరిగా పని చెయ్యకపోతే చక్కెర నెత్తురులోనే నిలుస్తుంది. అదే షుగరు జబ్బు. చాయ్‌లో చక్కెర మానేసి, కంచం నిండా అన్నం తింటే ఏం లాభం?

ఇంట్లో అందరూ తిన్నాక ఆడమనిషి తింటుంది. అప్పటికి కూర అయిపోతుంది. అన్నం మిగులుతుంది. పారేయలేక అదంతా తనే తింటుంది. షుగరున్న మనిషికి ఈ అలవాటే చేటు. ఆమె కూర ముందే తీసి పెట్టాలి. సగం కంచం కూరగాయలు, ఆకుకూర. పావు వంతు పప్పో గుడ్డో. మిగిలిన పావే అన్నం. జొన్నరొట్టె కూడా ఒకటీ రెండే, అదీ చక్కెరగా మారేదే.

రోజూ అరగంట చురుగ్గా నడవాలి. మోండా మార్కెట్‌కు ఆటో ఎక్కకుండా నడిచిపోయినా నడకే.

మాత్రలు మానొద్దు. మాత్రలు, సూది వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తిండి ఒక్కసారే తగ్గించొద్దు. చక్కెర మరీ పడిపోతే చెమటలు, వణుకు వస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి.

బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. అక్కడ పరీక్ష ఉచితం. పరగడుపున 126, ఆపైన వస్తే మళ్లీ పరీక్ష చేయించి డాక్టరుకు చూపాలి. కాగితం మీద ఆ అంకె ఎంతో మీరే చదవండి.