అరికాళ్ల మంటలు

మన అచ్యుతాపురంలో చక్కెర జబ్బున్నవారు కొందరు రాత్రిళ్లు అరికాళ్లు మంటలని బాధపడతారు. రక్తంలో చక్కెర పెరిగితే కణాల్లో ఆక్సిజన్ నుంచి దుడుకు అణువులు ఎక్కువగా పుట్టి నరాలను దెబ్బతీస్తాయి. వాటిని అణచే లిపోయిక్ ఆమ్లాన్ని 1995 నాటి జర్మనీ పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు సెలైనులో ఎక్కించగా బాధ తగ్గింది. 2011లో వెలువడిన నాలుగేళ్ల మాత్రల పరీక్షలో మాత్రం ముఖ్యమైన కొలతలో తేడా తేలలేదు.

అంచేత మేము చెప్పేదేమంటే, విటమిన్ గొట్టాలను నమ్ముకుని చక్కెర మందు మానేయకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి బి12 తగ్గి తిమ్మిర్లు రావచ్చు. డాక్టరుగారినడిగి ఆ పరీక్ష చేయించుకోండి. స్పర్శ పోయిన కాలికి పుండు పడినా తెలియదు. వజూకు కాళ్లు కడిగేటప్పుడు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. చూపు ఆనని పెద్దలకు పిల్లలే చూసిపెట్టాలి.