మెట్ల కింద యెజ్డీ

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'రిటైరయ్యాక ఏం చేస్తున్నారు' అన్న అంశం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. యోగా గురించో, కాశీయాత్ర గురించో చెబుతాననుకున్నారు కాబోలు. నాకు రెండూ తెలియవు. ఈ నాలుగేళ్ళలో నేను చేసిన పని ఒక్కటే, పాత మోటారు సైకిలు బాగుచేయడం. అదీ నేనే చేశానంటే అబద్ధమవుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను 1977 బ్యాచ్. చిక్కడపల్లిలోనే పుట్టాను, ఇప్పుడూ సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరి సందులో ఉంటున్నాను. 2022లో ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరయ్యాను. ఆ ఏడే అశోక్‌నగర్‌లో ఒక పాత డాబా ఇంటిని అపార్ట్‌మెంట్ కోసం పడగొడుతున్నారు. ఇంటాయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు అమెరికాలో ఉన్నారు. పొద్దున్నే ఇందిరాపార్కుకు నడకకు వెళ్తూ చూశాను: మెట్ల కింద, విరిగిన మంచాల వెనక, దుమ్ములో రెండు సైలెన్సర్లు కనిపిస్తున్నాయి. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉండే బండి మన రోడ్ల మీద ఇంకేముంది? యెజ్డీ 250.

చిన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. జావా చెకోస్లొవేకియా బండి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి దాన్ని తయారుచేసింది. 1973 నుంచి అదే బండి యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు కొత్త కంపెనీ అదే పేర్లతో బళ్ళు అమ్ముతోంది, మంచివే, కాని వాటికి కిక్కు కొట్టే పని లేదు. పాతదానికి ఎడమ పక్కన ఉండే గేరు రాడ్డే కిక్కు రాడ్డు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వదిలేసి ముందుకు తిప్పుకుంటే గేరు. మన తరంలో సుదర్శన్ 70 ఎంఎం ముందు ఆ రాడ్డు తిప్పడం వచ్చినవాడే హీరో.

నేను మాత్రం జీవితమంతా స్కూటరు నడిపినవాణ్ణి. పానా ఎటు తిప్పితే బోల్టు ఊడుతుందో కూడా తెలియదు. అయినా మేస్త్రీని అడిగాను, మేస్త్రీ వాళ్ళబ్బాయికి ఫోన్ కలిపాడు, అటునుంచి 'పాత ఇనప సామాన్ల బండికి వేయబోతున్నాం అంకుల్, తీసుకెళ్ళండి' అని జవాబు. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక 15,000 పంపాను. ఆర్‌సీ పుస్తకం దేవుడి గది అలమారలో దొరకడం మా అదృష్టం. కాగితం లేని పాత బండి కొనకండి. ఇంజనైనా బాగవుతుందేమో గానీ ఆ కాగితం మళ్ళీ పుట్టదు. వారసుల సంతకాలు, పేరు మార్పిడి, పదిహేనేళ్ళు దాటినందుకు ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్సు... ఆ కథ చెబితే మీరు భోజనాలకు లేస్తారు, వదిలేస్తున్నాను.

బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి వసారాలో దింపితే మా ఆవిడ చూసి ఒకటే మాట అంది: "రిటైరైంది మీరా, ఇదా?"

మొదటి రెండు నెలలూ నేనొక్కణ్ణే కుస్తీ పట్టాను. వీడియోలు చూశాను. ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉంది. ఒక ప్లాస్టిక్ టబ్బు మూతకు ఇనప కడ్డీ బిగించి ట్యాంకులోకి దించాను, కడ్డీ ఎక్కడా ట్యాంకుకు తగలకూడదు. ట్యాంకు నిండా చాకలి సోడా నీళ్ళు. బ్యాటరీ చార్జరు ప్లస్ వైరు కడ్డీకి, మైనస్ ట్యాంకుకు. రాత్రంతా బుడగలు వచ్చి పొద్దునకల్లా కడ్డీ నిండా నల్లటి మడ్డి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి ఆరుబయట చేయాలి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు. స్టీలు కడ్డీ, అంటే తుప్పు పట్టని రకం, వాడకూడదు, విషపు మడ్డి వస్తుంది. మూడు రాత్రులకు ట్యాంకు లోపల బూడిద రంగు ఇనుము కనిపించింది. నాకు చాలా గర్వమనిపించింది.

ఆ గర్వం ఇంజను దగ్గర దిగిపోయింది. పిస్టన్ పట్టేసింది. రాడ్డు మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. ప్లగ్గు కన్నంలో కిరోసిన్, ఆయిలు కలిపి పోశాను. వారం ఆగాను, పది రోజులు ఆగాను. ఆఖరికి సుత్తి తీశాను. మా ఆవిడ సుత్తి లాక్కుని, "మీ స్నేహితుడు నారాయణగూడలో ఉన్నాడు కదా, ఎప్పుడూ చెబుతారు, ఆయన్ను అడగొచ్చుగా" అంది.

అవును, చెబుతుంటాను. కాని ఎన్నడూ అడగలేదు. ఎందుకో చెప్తాను.

మా క్లాసులో ఎనిమిదో తరగతి దాకా నా పక్క బెంచీలో ఒకడుండేవాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతానన్నాడు, అందుకని చెప్పను. లెక్కల్లో మా అందరికంటే చురుకు. మాస్టారు బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోగా జవాబు చెప్పేవాడు. 1975లో వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చింది. వేసవి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. దీపక్ మహల్ వెనక ఒక మోటారు సైకిళ్ళ షెడ్డులో చేరాడు. రోజూ రూపాయి, మధ్యాహ్నం టీ.

1979లో నేను కాలేజీలో చేరాను. ఒకరోజు కొత్త స్నేహితులతో నారాయణగూడ చౌరస్తా మీదుగా నడుస్తుంటే రోడ్డు పక్కన బండి కింద పడుకుని పని చేస్తున్నవాడు "అరేయ్!" అని పిలిచాడు. ముఖం నిండా మడ్డి. గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టే నడిచి వెళ్ళిపోయాను. నలభై ఏళ్ళపాటు ఆ చౌరస్తా దాటినప్పుడల్లా ఎడమ పక్కకు చూడకుండా దాటాను. ఇప్పుడక్కడ పైన మెట్రో వచ్చింది, షెడ్డు పోయింది, చౌరస్తా ఆకారమే మారిపోయింది. నా చూపు మాత్రం అలవాటు ప్రకారం కుడి పక్కకే పోతుంది.

వెళ్ళాను. వాడి షెడ్డు ఇప్పుడొక సందులో ఉంది, కొడుకు చూసుకుంటున్నాడు. నేను సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని నా స్కూటరు వెనక కూర్చున్నాడు. వసారాలో బండి చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తి చూసి, "దీంతోనా కొట్టినవ్?" అన్నాడు.

"లేదురా, కొట్టబోయాను."

"బతికిపోయింది."

ఆ రోజు నుంచి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పని నాతోనే చేయించేవాడు, తాను స్టూలు మీద కూర్చునేవాడు. హెడ్డు విప్పించాడు. సిలిండరును వేడి గుడ్డలతో కాచి, పిస్టన్ మీద చెక్క ముక్క పెట్టి చిన్నగా తట్టమన్నాడు. మూడో ఆదివారం కదిలింది. గోడల మీద తుప్పు గీతలు, బోరు కొట్టించక తప్పదు. "ముందు పిస్టన్ కొను. దాన్ని పట్టుకపోయి లేత్ అతనికియ్యి. పిస్టన్‌ను చూసి బోరు కొట్టాలె, బోరు కొట్టినంక పిస్టన్ వెతుకుడు కాదు" అన్నాడు. అర మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్ కోసం పుత్లీబౌలిలో ఎక్కని దుకాణం లేదు. కార్బొరేటరు జెట్టు మూసుకుపోతే సూది పెట్టబోయాను. చెయ్యి మీద కొట్టాడు, సూది కన్నాన్ని పెద్దది చేస్తుందట. కరెంటు వైరులోంచి సన్నటి రాగి పోగు ఒక్కటి లాగి ఇచ్చాడు.

క్రాంకు సీళ్ళ దగ్గర నేను పిసినారితనం చేశాను. పాతవి మెత్తగానే ఉన్నాయి కదా అని ఒకదాన్ని వాడికి చెప్పకుండా అలాగే వేసి బిగించేశాను. బండి స్టార్టయింది. అయ్యాక సందంతా తెల్లటి పొగ. రేజు దానంతటదే పెరిగి, వెంటనే ఆగిపోయేది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు గాలితో కలిసి ముందు క్రాంకు గదిలోకే వస్తుంది. ఆ గదికి చిల్లు ఉంటే ఒక పక్క గాలి పీలుస్తుంది, ఇంకో పక్క గేరు ఆయిలు పీలుస్తుంది. లైబ్రరీలో గ్రూప్-1కు చదువుకునే పిల్లలు ముక్కులు మూసుకుని వచ్చి చూశారు. వాళ్ళలో ఒక మెకానికల్ ఇంజనీరు కుర్రాడు నాకు ఈ సంగతంతా పుస్తకం భాషలో వివరించాడు. మావాడు పక్కనే నిలబడి చివరిదాకా విని, "కరెక్టే చెప్పిండు. ఇప్పుడు ఇంజన్ దించుడెట్లనో చెప్పమను" అన్నాడు. ఆ కుర్రాడు నవ్వి చొక్కా చేతులు మడిచాడు. తర్వాత మూడు ఆదివారాలు వాడూ వచ్చాడు.

ఇంజను రెండోసారి విప్పిన రోజున మేమిద్దరమే ఉన్నాం. త్యాగరాయ గానసభ నుంచి నాటకం మైకు లీలగా వినిపిస్తోంది. నేను చేతిలో బోల్టులు పట్టుకుని, 1979లో చౌరస్తా దగ్గర నువ్వు పిలిచావు, నేను విని కూడా ఆగలేదు అని చెప్పాను. చెప్పడానికి గొంతు సహకరించలేదు. వాడు తల ఎత్తలేదు.

"యాదికున్నది. పదిహేడు నంబరు పానా ఇయ్యి."

ఇచ్చాను. అంతే. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు.

2023 నవంబరులో, పాయింట్ల మధ్య గ్యాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టి, బల్బు వెలిగేదాకా ప్లేటు తిప్పి టైమింగు కుదిర్చాక, మూడో కిక్కుకు బండి అందుకుంది. ఈసారి పొగ సన్నగా, నీలంగా. వాడు చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఎనిమిదో తరగతిలో లెక్క కుదిరినప్పుడు పెట్టే ముఖమే పెట్టాడు. తెల్లారి అయిదింటికి వాడు నడుపుతుంటే నేను వెనక కూర్చుని చిక్కడపల్లి వెంకటేశ్వర స్వామి గుడి, నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా తిరిగొచ్చాం. చౌరస్తాలో వాడే ఎడమ పక్కకు ఆపి, టీ తాగుదామన్నాడు.

ఖర్చెంతయిందని చాలామంది అడుగుతారు. 40,000 దాటాక రాయడం మానేశాను.

ఇక నాకు ఇచ్చిన అంశం కాని సంగతి ఒకటి. నిరుడు వాడికి మన సంఘం సభ్యత్వ ఫారం తీసుకెళ్ళి ఇచ్చాను. అందులో 'పదో తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. అది నింపకపోతే ఫారం చెల్లదు. వాడు చూసి, మడిచి, జేబులో పెట్టుకుని, "మాది ఎనిమిదే గద" అన్నాడు. మన బడిలో ఎనిమిదేళ్ళు చదివి, ఇంటి పరిస్థితి వల్ల మానేసినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. లెక్కపెట్టండి, మీ మీ బెంచీల్లోనే ఒకరిద్దరు గుర్తొస్తారు. ఆ గడిని 'బడిలో చదివిన సంవత్సరాలు' అని మార్చమని జనవరిలో కమిటీకి దరఖాస్తు ఇచ్చాను. కమిటీ పెద్దలు వేదిక మీదే ఉన్నారు. నాకింకా జవాబు రాలేదు.

ఈ రోజు వాడు నా అతిథిగా వచ్చాడు, చివరి వరుసలో ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడకండి, వెళ్ళిపోతాడు.

బండి బయట వేప చెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక ఎవరైనా ప్రయత్నించవచ్చు. పెట్రోలు కుళాయి తెరవండి, చోకు ఎత్తండి, రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పండి. సగం కిక్కు కొట్టి వదలకండి, పిక్క మీద తంతుంది. అందుకోకపోతే వాణ్ణి పిలవండి.